పాత ఆఫీస్ 2007 సీడీ కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్కుతుందా? మిల్లు లెక్కల ఫైలుకి గట్టి పాస్‌వర్డ్ పెట్టేదెలా?

మిల్లు_లెక్కలు:

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ పక్కన చిన్న రైస్ మిల్లు. లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే ఉంటాయి. ఏ రైతు ఎన్ని బస్తాల ధాన్యం తెచ్చాడు, తేమ ఎంత, హమాలీ ఎంత, తవుడు నూక ఎవరికి పోయాయి, ఎవరు ఎంత బాకీ, అంతా ఒక్క ఫైలు. మా పాత గుమాస్తా గారు ఆఫీస్ 2003 రోజుల్లో తయారు చేసి పెట్టారు, బటన్ నొక్కితే కాటా చీటీ తెలుగులో ప్రింటయ్యేలా మ్యాక్రోలు కూడా ఆయనే రాశారు. తర్వాత ఆఫీస్ 2007 డబ్బా కొన్నాం, ఇన్నాళ్లూ అదే నడిచింది.

పోయిన నెల డెస్క్‌టాప్ చచ్చిపోయింది. హార్డ్ డిస్క్ బాగానే ఉంది, ఫైళ్లన్నీ బయటికి తీయించాం. కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం, విండోస్ 11 ఉంది, సీడీ పెట్టడానికి చోటే లేదు. అమ్మిన షాపతను ఐదొందలు ఇస్తే "లైఫ్‌టైమ్ ఆఫీస్" వేసిస్తానంటున్నాడు, యాంటీవైరస్ మాత్రం కాసేపు ఆపాలంట. అక్కడే నాకు అనుమానం వచ్చి ఆగాను.

నా దగ్గర అసలు డబ్బా, సీడీ, కీ ఉన్న స్టిక్కర్ అన్నీ భద్రంగా ఉన్నాయి. దీన్ని ఈ ల్యాప్‌టాప్‌లో ఎక్కించొచ్చా? పాత మిషన్‌లో ఒకసారి యాక్టివేట్ అయిన కీ మళ్లీ పనిచేస్తుందా? అది చచ్చిపోయింది కాబట్టి అందులోంచి తీసేసే దారి కూడా లేదు.

ఇంకోటి. రేట్లు, బాకీలు ఉన్న షీట్లకి "ప్రొటెక్ట్ షీట్" పాస్‌వర్డ్ ఉండేది. మా దగ్గర పనిచేసే కుర్రాడు ఫోన్‌లో ఏదో వీడియో చూసి దాన్ని తీసేశాడు, అదీ నా ముందే నవ్వుతూ. పిల్లాడు మంచోడే, కానీ రేపు వేరేవాడు వస్తే? ఎవరూ తెరవలేకుండా చేయాలంటే ఈ 2007లో కుదురుతుందా లేక కొత్తది కొనాల్సిందేనా చెప్పండి.

స్పీడ్_శీను:

ఇంత ఆలోచన ఎందుకు బ్రో, యాక్టివేటర్ ఒకటి దొరుకుతుంది, రెండు నిమిషాల పని. మా ఆఫీసులో అందరికీ అదే, ఇప్పటిదాకా ఏం కాలేదు.

పాతసామాను:

శీనూ, నీ దగ్గర పోతే సినిమాలు పోతాయి, ఆయన దగ్గర పోతే ఊళ్లో సగం మంది బాకీ లెక్క పోతుంది. యాంటీవైరస్ ఆపి, అడ్మిన్ అనుమతి ఇచ్చి, ఎవడు రాశాడో తెలియని ప్రోగ్రామ్‌ని నడపడమంటే ఇంటి తాళం చెవి చేతిలో పెట్టి మనం బయట నిలబడటమే. అది ఆఫీస్‌ని యాక్టివేట్ చేస్తుంది, దాంతోపాటు ఇంకేం పెడుతుందో ఎవరికీ కనపడదు. "ఏం కాలేదు" అన్నవాడికి ఏమైందో తెలిసే దారి కూడా ఉండదు.

మిల్లు గారూ, సొంత సీడీ, సొంత కీ ఉన్నప్పుడు ఆ ఐదొందలు దండగ. మీరు అక్కడ ఆగడమే మంచిదైంది.

ముందు మీ డబ్బా మీద ఏ ఎడిషన్ అని ఉందో చూసి చెప్పండి. హోమ్ అండ్ స్టూడెంట్ అయితే మూడు కంప్యూటర్లలో వేసుకోవచ్చు గానీ వ్యాపారానికి వాడే అనుమతి ఉండదు. కంప్యూటర్‌తో పాటు అంటగట్టిన ఓఈఎమ్ కాపీ అయితే ఆ మిషన్‌తోనే దాని కథ ముగిసింది. విడిగా డబ్బాలో కొన్న రిటైల్ కాపీ అయితే వేరే కంప్యూటర్‌కి మార్చుకునే హక్కు లైసెన్స్‌లోనే ఉంది.

మిల్లు_లెక్కలు:

డబ్బా మీద స్మాల్ బిజినెస్ 2007 అని ఉంది అన్నా. విడిగానే కొన్నాం, నల్గొండలో, బిల్లు కూడా ఉంది. కంప్యూటర్ అంతకుముందు ఏడాదిది.

పాతసామాను:

అయితే బేఫికర్. అందులో వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, పబ్లిషర్, అవుట్‌లుక్ ఉంటాయి. ఇప్పుడు పద్ధతి చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

సీడీ డ్రైవ్ ఉన్న ఏదైనా పాత కంప్యూటర్ పట్టుకోండి, స్నేహితుడిదో ఇంటర్నెట్ సెంటర్‌దో. సీడీలో ఉన్న ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలు, అందులోని సెటప్ నేరుగా నడుస్తుంది. ఐఎస్ఓ ఫైలుగా, అంటే సీడీ మొత్తానికి ఒకే ఫైలు నకలుగా, చేసి ఉంచుకుంటే ఇంకా మంచిది, విండోస్ 8 నుంచి దాన్ని డబుల్ క్లిక్ చేస్తే సీడీ పెట్టినట్టే తెరుచుకుంటుంది. సీడీలు గీతలు పడి చచ్చేలోపు ఈ పని ఎలాగూ చేసి పెట్టుకోవాలి.

సెటప్ నడిపి 25 అక్షరాల కీ కొట్టాక "ఇన్‌స్టాల్ నౌ" నొక్కేయకండి, "కస్టమైజ్" నొక్కండి. అవుట్‌లుక్, పబ్లిషర్ వద్దనుకుంటే అక్కడే "నాట్ అవైలబుల్" పెట్టండి. అవుట్‌లుక్ 2007 కొత్త విండోస్‌లో చాలామందిని ఏడిపించింది, మీకు దానితో పని కూడా లేదు. "ఆఫీస్ షేర్డ్ ఫీచర్స్"లో "విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్" మాత్రం తప్పకుండా ఉంచండి, అది లేకపోతే మీ కాటా చీటీ మ్యాక్రో కదలదు. ఇక "ఆఫీస్ టూల్స్"లో ఈక్వేషన్ ఎడిటర్ అని ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయండి. రైస్ మిల్లులో ఎవరూ సమీకరణాలు రాయరు. అది 2000 కాలంలో తయారైన ముక్క, దాని లోపం 2017 నవంబర్‌లో బయటపడ్డాక ప్రపంచమంతా దాన్ని పట్టుకునే దాడులు చేశారు, ఫైలు తెరిస్తే చాలు, మ్యాక్రో కూడా అక్కర్లేదు. చివరికి 2018 జనవరిలో మైక్రోసాఫ్టే దాన్ని అప్‌డేట్‌తో పూర్తిగా పీకేసింది. మీ సీడీలో మాత్రం ఆ పాత ముక్క అలాగే ఉంటుంది.

విండోస్ 11లో 2007 నడుస్తుందని మైక్రోసాఫ్ట్ ఎక్కడా మాట ఇవ్వలేదు. అయినా వర్డ్, ఎక్సెల్ నడుపుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 2007కి అప్‌డేట్లు 2017 అక్టోబర్ 10తో ఆగిపోయాయి, అది గుర్తుంచుకోండి.

ఇక యాక్టివేషన్. 2007లో పాత మిషన్ నుంచి "డీయాక్టివేట్" చేసే పద్ధతే లేదు కాబట్టి అది చచ్చిపోయిందని దిగులు అక్కర్లేదు. మొదట ఇంటర్నెట్ ద్వారా అన్నది ప్రయత్నించండి. అది ఒప్పుకోకపోతే అదే విజార్డ్‌లో టెలిఫోన్ ద్వారా అన్న ఆప్షన్ ఉంటుంది, దేశం ఇండియా ఎంచుకుంటే నంబర్, ఒక పొడవాటి ఇన్‌స్టలేషన్ ఐడీ చూపిస్తుంది. ఇదివరకు ఆ అంకెలు ఫోన్‌లో చెబితే వాళ్లు తిరిగి అంకెలు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఎక్కువగా ఫోన్‌కి ఒక లింక్ పంపి అందులో టైప్ చేయమంటున్నారు, వచ్చిన అంకెలు గడుల్లో నింపాలి. ఎన్ని కంప్యూటర్లలో వేశారు అని అడిగితే ఒకటే అని చెప్పండి, నిజం కూడా అదే కదా. యాక్టివేట్ చేయకపోయినా 25 సార్లు తెరుచుకుంటుంది, ఆ తర్వాత ఫైలు చూడనిస్తుంది గానీ మార్చనివ్వదు, సేవ్ చేయనివ్వదు.

ఇన్‌స్టాల్ అయ్యాక సీ డ్రైవ్‌లో ఎంఎస్ఓక్యాష్ అని దాచిన ఫోల్డర్ ఒకటి కనపడుతుంది. చోటు కోసం దాన్ని డిలీట్ చేసేవాళ్లున్నారు. వద్దు, రిపేర్ చేయాల్సి వస్తే సెటప్ దాన్నే వెతుక్కుంటుంది, లేకపోతే మళ్లీ సీడీ పెట్టమంటుంది.

తాళంచెవి:

ఇన్‌స్టాల్ సంగతి పై ఆయన చెప్పేశారు కాబట్టి నేను పాస్‌వర్డ్ ఒక్కటే మాట్లాడతాను, ఎందుకంటే దాదాపు అందరూ తికమకపడేది ఇక్కడే.

ఎక్సెల్‌లో పాస్‌వర్డ్ అడిగే చోట్లు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా కనపడతాయి, పని మాత్రం ఒకటి కాదు. "ప్రొటెక్ట్ షీట్" అన్నది ఎవరైనా పొరపాటున ఫార్ములా మీద టైప్ చేసి చెడగొట్టకుండా ఉండటానికి పెట్టింది. భద్రత కోసం కాదని మైక్రోసాఫ్టే తన సహాయ పేజీల్లో రాసుకుంది. పాత ఎక్సెల్‌లో ఆ పాస్‌వర్డ్‌ని కుదించి 16 బిట్ల అంకెగా దాస్తారు, అంటే ఎంత పెద్ద పాస్‌వర్డ్ పెట్టినా మిగిలేది 65,536కి మించని విలువల్లో ఒకటి. అందుకే మీరు పెట్టిన మాటే కానక్కర్లేదు, అదే అంకె వచ్చే ఇంకేదో పిచ్చి మాట కొట్టినా తెరుచుకుంటుంది. మీ కుర్రాడు చూసిన వీడియోలు చేసేది ఇదే, పది పదిహేను లైన్ల మ్యాక్రో అవన్నీ వరసగా కొట్టి చూస్తుంది. వాడు హ్యాకర్ ఏం కాదు, ఆ తాళమే అంత.

"ప్రొటెక్ట్ వర్క్‌బుక్" కూడా అంతే, షీట్ల వరస మార్చకుండా, పేర్లు మార్చకుండా ఆపుతుంది. దీని వెనక ఒక తమాషా ఉంది. పాత ఎక్స్‌ఎల్ఎస్ ఫైలుకి (2003 దాకా ఎక్సెల్ సేవ్ చేసిన రకం) ఇది పెడితే ఎక్సెల్ ఫైలుని నిజంగానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రాతగా మార్చేస్తుంది, కానీ అన్ని కంప్యూటర్లలో ఒకే పాస్‌వర్డ్‌తో, అది "వెల్వెట్ స్వెట్‌షాప్". తెరిచేటప్పుడు ఎక్సెల్ తనంతట తనే ముందు ఆ మాట కొట్టి చూసుకుంటుంది కాబట్టి మనకి అడిగినట్టే ఉండదు. వైరస్ రాసేవాళ్లు దీన్ని బాగా వాడుకున్నారు.

ఇక "పాస్‌వర్డ్ టు మాడిఫై" అంటే మార్చి సేవ్ చేయడానికి అడిగేది. చూడటానికి అందరికీ తెరుచుకుంటుంది, కాపీ చేసుకుని వేరే పేరుతో సేవ్ చేసుకోవచ్చు కూడా.

మీకు కావాల్సింది వీటిలో ఏదీ కాదు, తెరవడానికే అడిగే పాస్‌వర్డ్. 2007లో ఎడమ మూల పైన గుండ్రటి ఆఫీస్ బటన్ నొక్కి, ప్రిపేర్, అందులో ఎన్‌క్రిప్ట్ డాక్యుమెంట్. లేదా సేవ్ యాజ్ డబ్బాలో కింద టూల్స్, జనరల్ ఆప్షన్స్, "పాస్‌వర్డ్ టు ఓపెన్". రెండూ ఒకటే.

అయితే అసలు మెలిక ఫైలు రకంలో ఉంది, దయచేసి ఇది రెండుసార్లు చదవండి. మీ ఫైలు 2003 నాటిది కాబట్టి ఎక్స్‌ఎల్ఎస్ అయ్యుంటుంది. దాన్ని 2007లో తెరిచి పాస్‌వర్డ్ పెట్టి అలాగే ఎక్స్‌ఎల్ఎస్‌గా సేవ్ చేస్తే పాత ఆర్‌సీ4 పద్ధతిలోనే తాళం పడుతుంది. ఆఫీస్ 97, 2000లోనూ, 2003లో మనం ఏమీ మార్చకపోతేనూ ఆ తాళం 40 బిట్లు. 40 బిట్లంటే మొత్తం 1.1 లక్షల కోట్ల తాళం చెవులు, మనిషికి ఎక్కువే గానీ ఇప్పటి కంప్యూటర్‌కి వరసగా అన్నీ పెట్టి చూడగలిగిన లెక్క. పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా తేడా రాదు, ఎందుకంటే వాళ్లు పాస్‌వర్డ్‌ని వెతకరు, తాళం చెవినే వెతుకుతారు.

అదే ఫైలుని 2007 కొత్త రకంలోకి మార్చి పాస్‌వర్డ్ పెడితే ఏఈఎస్ అనే గట్టి పద్ధతిలో 128 బిట్ల తాళం పడుతుంది. పైగా ప్రతి పాస్‌వర్డ్‌నీ 50,000 సార్లు తిప్పి చూస్తేగానీ సరైనదో కాదో తెలియదు, 2010లో దాన్ని లక్ష సార్లు చేశారు. అంటే ఊహించి కొట్టేవాడికి ప్రతి ప్రయత్నం అంత ఖరీదు. కాబట్టి కొత్త ఆఫీస్ కొనాల్సిన అవసరం ఈ ఒక్క పనికి లేదు, ఫైలు రకం మార్చండి చాలు.

మ్యాక్రోలున్నాయి కాబట్టి సేవ్ యాజ్‌లో "మ్యాక్రో ఎనేబుల్డ్ వర్క్‌బుక్" ఎంచుకోండి, చివర ఎమ్ వస్తుంది. మామూలు ఎక్స్‌ఎల్ఎస్ఎక్స్‌గా సేవ్ చేస్తే ఒక హెచ్చరిక చూపించి మ్యాక్రోలన్నీ పారేస్తుంది, గుమాస్తా గారి కష్టం అక్కడితో సరి. మీకు ఇంకో లాభం, పాత రకంలో షీట్‌కి 65,536 వరసలే, కొత్తదానిలో పది లక్షలు దాటి ఉంటాయి.

పాస్‌వర్డ్ మిల్లు పేరు, ఫోన్ నంబరు, పిల్లల పేర్లు పెట్టకండి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పొడుగ్గా పెట్టండి, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో అయినా సరే. దాన్ని ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. నవ్వకండి, 2007 రకం ఫైలుకి మంచి పాస్‌వర్డ్ పెట్టి మర్చిపోతే కంపెనీవాళ్లు కూడా తెరవలేరు, వెనక తలుపంటూ ఏమీ లేదు.

స్వేచ్ఛా_సాఫ్ట్:

నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోవద్దు. 2017లో ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌ని ఈరోజు కొత్తగా ఎక్కించడం ఎందుకు? ఎక్సెల్, వర్డ్ లాంటి పనులే చేసే లిబ్రేఆఫీస్ ఉచితం, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు, సొంత ఓడీఎస్ రకంలో సేవ్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ పెడితే ఏఈఎస్ 256. యాక్టివేషన్ గోలే లేదు.

తాళంచెవి:

ఒప్పుకుంటా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనూ అదే చెప్తాను. కానీ ఆయన ఫైలంతా మ్యాక్రోల మీద నిలబడింది. ఎక్సెల్ మ్యాక్రోలు లిబ్రేలో కొన్ని నడుస్తాయి, కొన్ని సగంలో ఆగుతాయి, ఏది ఆగుతుందో నడిపితేగానీ తెలియదు. సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్లు నిలబడ్డప్పుడు ఆ ప్రయోగం కుదరదు. ఖాళీ రోజుల్లో ఒక కాపీ మీద చేసి చూసుకోమనండి.

స్వేచ్ఛా_సాఫ్ట్:

అది నిజమే. ఇన్‌స్టాల్ చేసి ఉంచుకోమంటాను, బయటి నుంచి వచ్చే ఫైళ్లు తెరవడానికైనా.

పాతసామాను:

ఆ చివరి మాట బంగారం. బయటి ఫైలుని ముందు చూడటానికి మాత్రమే తెరిచే ప్రొటెక్టెడ్ వ్యూ 2007లో లేదు, అది 2010తో వచ్చింది. అంటే మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన ఫైలుని 2007 ఏ అడ్డూ లేకుండా నేరుగా తెరిచేస్తుంది. కాబట్టి 2007 మీ సొంత ఫైళ్లకి మాత్రమే, బయటివన్నీ లిబ్రేలో. రెండూ ఒకే కంప్యూటర్‌లో హాయిగా ఉంటాయి.

మ్యాక్రోలకి కూడా ఒకటి చేయండి. ఎక్సెల్ ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్టెడ్ లొకేషన్స్ అని ఉంటుంది. డీ డ్రైవ్‌లో మిల్లు అని ఒక ఫోల్డర్ చేసి దాన్ని అందులో చేర్చండి, లెక్కల ఫైలు అక్కడే ఉంచండి. బయటి ఫైళ్లకి "డిజేబుల్ ఆల్ మ్యాక్రోస్ విత్ నోటిఫికేషన్" అలాగే ఉండనివ్వండి. ప్రతిసారీ అడుగుతోందని చిరాకుపడి "ఎనేబుల్ ఆల్" పెట్టేవాళ్లని చూశాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ చేసినవాళ్లని కూడా చూశాను, వాళ్లకి ఒక నమస్కారం.

మిల్లు_లెక్కలు:

అందరికీ చాలా థాంక్స్. పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించాను, మీరు చెప్పినట్టే ఎక్సెల్, వర్డ్ వరకే పెట్టి ఈక్వేషన్ ఎడిటర్ తీసేశాను. ఎక్సెల్ తెరుచుకుంది, ఫైలూ తెరుచుకుంది. యాక్టివేషన్ ఇంటర్నెట్‌తో కాలేదు, ఫోన్‌తో చేయాలి, సోమవారం మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చాక అంకెలు చదివి పెడతానన్నాడు.

రెండు ఇబ్బందులు వచ్చాయి. ఫైలులో రైతుల పేర్లన్నీ తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గుర్తులు కలిసిన పిచ్చిరాతలా వస్తున్నాయి. రెండోది, ఒక కాపీని ఎమ్ ఉన్న రకంలోకి మార్చి పాస్‌వర్డ్ పెట్టి చూశాను, పాస్‌వర్డ్ అడుగుతోంది, తెరుచుకుంటోంది, కానీ బటన్ నొక్కితే మ్యాక్రోలు ఆపేశామని ఏదో యాంటీవైరస్ సంగతి చెప్తోంది. పాస్‌వర్డ్ తీసేస్తే బటన్ పనిచేస్తోంది. అంటే పాస్‌వర్డో మ్యాక్రోనో ఏదో ఒకటే అనమాట?

డీటీపీ_సూరి:

పేర్ల సంగతి నాకు వదిలేయండి, పాతికేళ్లుగా పెళ్లి కార్డులు కొడుతున్నవాణ్ణి. ఫైలు పాడవలేదు, టెన్షన్ పడకండి. ఆ రోజుల్లో తెలుగు అంటే అను ఫాంట్లే, అవి యూనికోడ్ (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ వాడే ఉమ్మడి అక్షరాల పద్ధతి) కాదు. లోపల ఉన్నవి నిజంగానే ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలు, ఆ ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మలు గీస్తుందంతే. ఫాంటు లేని కంప్యూటర్‌లో ముసుగు తీసేసినట్టు అసలు రూపం కనపడుతుంది.

పాత హార్డ్ డిస్క్‌లో విండోస్ ఫోల్డర్‌లో ఫాంట్స్ అని ఉంటుంది. ఎక్సెల్‌లో ఒక పేరు మీద క్లిక్ చేసి పైన ఫాంటు పేరు చూడండి, అదే పేరున్న ఫైలు ఆ ఫాంట్స్‌లోంచి కొత్త ల్యాప్‌టాప్‌కి తెచ్చి ఇన్‌స్టాల్ కొట్టండి. చదవడానికి, ప్రింటుకి అది చాలు. కొత్త పేర్లు టైప్ చేయాలంటే మాత్రం ఆ కీబోర్డు ప్రోగ్రామ్ కూడా కావాలి.

నా మాట వింటే కొత్త పేర్లు యూనికోడ్‌లో టైప్ చేయడం మొదలుపెట్టండి, విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉచితంగానే ఉంది. అను ఫాంటులో ఉన్న పేరుని వెతికితే దొరకదు, అకారాది వరసలో పెడితే గందరగోళంగా వస్తుంది. పాతవాటిని మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, పేర్లు కాబట్టి ఒక్కొక్కటీ కళ్లతో చూసుకోవాల్సిందే. రైతు పేరు తప్పు పడితే చీటీ మీద పంచాయితీ మీకు తెలియంది కాదు. యూనికోడ్ పేర్ల గడులకి విండోస్‌తో వచ్చే తెలుగు ఫాంటు పెట్టండి, పాత గడులకి అను ఫాంటు అలాగే ఉంచండి, రెండూ కలిపి ఒకే గడిలో పెట్టొద్దు.

తాళంచెవి:

మ్యాక్రో సంగతి నేను చెప్పాలి. మీరు అనుకున్నట్టు ఏదో ఒకటే ఏం కాదు. ఎన్‌క్రిప్ట్ చేసిన కొత్త రకం ఫైలులో మ్యాక్రోలుంటే, బయటి నుంచి యాంటీవైరస్‌కి లోపల ఏముందో కనపడదు కదా, తాళం వేసి ఉంటుంది. అందుకని ఎక్సెల్ తెరిచాక ఆ మ్యాక్రోలని యాంటీవైరస్‌కి చూపించి, అది సరేనంటేనే నడవనిస్తుంది. చూడగలిగే యాంటీవైరస్ ఏదీ లేదనిపిస్తే మ్యాక్రోలని ఆపేస్తుంది. మీకు వచ్చిన మాట అదే.

ముందు విండోస్ సెక్యూరిటీ తెరిచి యాంటీవైరస్ నిజంగా నడుస్తోందా చూడండి. మీ షాపతను "కాసేపు ఆపాలి" అన్నాడు కదా, ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడే ఆపి ఉండొచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లతో వచ్చే నెల రోజుల ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరి ఉన్నా ఇలాగే అవుతుంది, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ సొంతది మళ్లీ లేస్తుంది.

అప్పటికీ కాకపోతే వేరే దారి. లెక్కల డేటా ఒక ఫైలులో పెట్టి దానికి పాస్‌వర్డ్, బటన్లు మ్యాక్రోలు వేరే ఫైలులో పాస్‌వర్డ్ లేకుండా. మ్యాక్రోలో రహస్యం ఏముంది, చీటీ గీసే కొలతలే కదా. లేదంటే విండోస్ ప్రో అయితే బిట్‌లాకర్‌తో డీ డ్రైవ్‌కే తాళం వేసి, కుర్రాడికి వేరే విండోస్ అకౌంట్ ఇవ్వండి. అకౌంట్ వేరు చేయడం ఎలాగైనా చేయండి, ఒకే లాగిన్‌లో అందరూ కూర్చుంటే ఫైలు మీరు తెరిచి టీకి వెళ్లిన పది నిమిషాల్లో ఏ ఏఈఎస్సూ కాపాడదు.

పాత ఎక్స్‌ఎల్ఎస్ కాపీ ల్యాప్‌టాప్‌లో మిగలకుండా చూసుకోండి, ఇది చాలామంది మర్చిపోతారు. కొత్తదానికి గట్టి తాళం వేసి పక్కనే పాతది తెరిచి ఉంచితే లాభం లేదు. పాత హార్డ్ డిస్క్‌లో కూడా అదే ఉంది, అది షాపులో వదలకుండా ఇంటికి తెచ్చుకోండి.

మిల్లు_లెక్కలు:

అవునన్నా, వేరే కంపెనీ ట్రయల్ యాంటీవైరస్ ఒకటి ఆఫ్‌లో పడి ఉంది. తీసేసి రీస్టార్ట్ చేశాను, విండోస్‌ది లేచింది, ఇప్పుడు పాస్‌వర్డ్ పెట్టిన ఫైలులోనే బటన్ పనిచేస్తోంది. సూరి గారూ, ఫాంటు దొరికింది, పేర్లు సరిగ్గా వచ్చాయి, కాటా చీటీ ప్రింట్ తీసి చూశాం. హార్డ్ డిస్క్ కూడా తెచ్చుకున్నాను, షాపతను దాన్ని టేబుల్ కింద పడేసి ఉంచాడు.

ఒక్క అనుమానం. సోమవారం దాకా యాక్టివేట్ కాదు, ఈలోపు ఎక్సెల్ ఎన్నిసార్లు తెరిస్తే అన్నీ ఆ 25లో లెక్కేనా?

పాతసామాను:

లెక్కే. అందుకే పొద్దున ఒకసారి తెరిచి సాయంత్రం దాకా మూయకండి, ఫైళ్లు మార్చడం, పాస్‌వర్డ్‌లు పెట్టడం అన్నీ ఇప్పుడే కానిచ్చేయండి. ఫోన్ చేసేటప్పుడు అబ్బాయి అంకెలు చదువుతుంటే మీరు స్క్రీన్ మీద నింపండి, గడికి గడి. ఒక్కటి తప్పు పడినా మొదటికి వస్తుంది. వాళ్లిచ్చిన కోడ్ డబ్బా మీద రాసుకుంటే విండోస్ మళ్లీ వేసినప్పుడు పనికొస్తుందనుకుంటారు చాలామంది, అది పనికిరాదు, ఇన్‌స్టలేషన్ ఐడీ మారితే కొత్త కోడ్ అడగాల్సిందే. రాసుకోవాల్సింది 25 అక్షరాల కీ, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, ఆ స్టిక్కర్లు వేడికి అక్షరాలు వెలిసిపోతాయి.